గది ఊడ్చి సీటు తెచ్చుకున్నవాడు

జూన్ వస్తే మన చిన్న క్రైస్తవ కళాశాలలకు ఒకటే దిగులు. సీట్లు నిండుతాయా? చేరినవారు చివరిదాకా ఉంటారా? ఈ సమయంలో బుకర్ టి. వాషింగ్టన్ జీవితాన్ని మనం గుర్తు చేసుకోవడం మంచిది.

ఆయన 1856లో అమెరికాలోని వర్జీనియాలో బానిసగా పుట్టారు. బాల్యంలోనే ఉప్పు బట్టీలో, బొగ్గు గనిలో పనిచేశారు. 1872లో హాంప్టన్ విద్యాలయానికి చేరేసరికి చేతిలో 50 సెంట్లే ఉన్నాయి. ఒక గది శుభ్రంగా ఊడ్చి చూపించి సీటు తెచ్చుకున్నారు. అక్కడే ఊడ్చే పని చేస్తూ చదువుకున్నారు.

1881లో అలబామాలోని టస్కీగీలో 30 మందితో పాఠశాల తెరిచారు. ప్రభుత్వమిచ్చే 2,000 డాలర్లు జీతాలకే. స్థలం లేదు, భవనం లేదు. చర్చి పక్కన వాన కారే పాకలో పాఠాలు చెప్పారు.

పిల్లలు చదువు ఎందుకు మానేస్తారో ఆయనకు తెలుసు. అందుకే డబ్బు లేనివారి కోసం 1884లో రాత్రి బడి పెట్టారు. పగలు 10 గంటలు పని, రాత్రి 2 గంటలు చదువు. కూలి డబ్బు తర్వాతి పగటి చదువుకు జమ అయ్యేది. మొదట చేరింది 12 మందే. ఇటుక బట్టీ మూడుసార్లు పాడైతే, గడియారం తాకట్టు పెట్టి నాలుగోసారి కాల్చారు. 1915లో ఆయన కన్నుమూసేనాటికి అక్కడ సుమారు 1,500 మంది చదువుతున్నారు.

చేతిపనికే పెద్దపీట వేశారన్న విమర్శలో న్యాయం లేకపోలేదు. అయినా ఆయన ప్రణాళిక, వెళ్లిపోయే బిడ్డ దగ్గర మొదలైంది. మనం ప్రకటనలకు ఖర్చు పెడుతున్నాం. నిరుడు ఫీజు కట్టలేక మానేసిన మన సంఘపు బిడ్డ ఇంటికి ఎవరైనా వెళ్లామా?