చూపు పోయినా దారి చూపిన ఆయిలర్



కొల్లాపూర్ డిపోలో బస్సుల షెడ్యూళ్లు వేసి, 58వ ఏట పదవీ విరమణ చేశాను. గత ఏడాది రెండు కళ్లకూ శుక్లాలు ముదిరాయి. పేపరు కూడా చదవలేక, ఇక నా పని అయిపోయిందని మూలన కూర్చున్నాను. డిగ్రీలో గణితం చదివే మా మనవరాలు ఒకరోజు లియొనార్డ్ ఆయిలర్ జీవితం వినిపించింది. అది మీతోనూ పంచుకోవాలనిపించింది.

ఆయిలర్ 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జన్మించారు. తండ్రి చర్చి పాస్టరు. కొడుకూ అదే వృత్తిలోకి రావాలనుకున్నారు గాని ఆయన మనసు గణితం మీదే. 20వ ఏట రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ విజ్ఞాన పరిషత్తులో చేరారు.

కోనిగ్స్‌బర్గ్ పట్టణాన్ని ప్రెగెల్ నది నాలుగు భాగాలు చేసింది. వాటిని కలుపుతూ ఏడు వంతెనలుండేవి. ప్రతి వంతెననూ ఒక్కసారే దాటుతూ అన్నీ తిరగగలమా అన్నది అక్కడి చిక్కుప్రశ్న. సాధ్యం కాదని 1735లో ఆయిలర్ నిరూపించారు. దూరాలు, మలుపులు పక్కన పెట్టి, ఏ భాగానికి ఎన్ని వంతెనలన్నదే చూశారు. ఒక చోటికి వస్తే, వెళ్లడానికి మరో వంతెన కావాలి. కనుక బేసి సంఖ్య బయలుదేరే చోట, ఆగే చోట మాత్రమే చెల్లుతుంది. అక్కడ నాలుగు భాగాలకూ బేసి వంతెనలే!

ఆ ఆలోచనే తర్వాత గ్రాఫ్ సిద్ధాంతంగా ఎదిగి, మెట్రో రైలు మార్గాల రూపకల్పనకు పనికివస్తోంది. స్టేషను ఒక చుక్క, పట్టాలు ఒక గీత. హైదరాబాదులో 2020 ఫిబ్రవరి నుంచి మూడు లైన్లూ నడుస్తున్నాయి. మనం బస్సు దిగే మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వద్ద ఎరుపు, ఆకుపచ్చ లైన్లు కలుస్తాయి. ఎరుపు, నీలం అమీర్‌పేటలో, నీలం, ఆకుపచ్చ పరేడ్ గ్రౌండ్‌లో కలుస్తాయి. కనుక ఈ మూడింటి మీద ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగినా ఒక్కసారి రైలు మారితే చాలు. కాగితం లేకుండా ఈ లెక్క నేను మనసులోనే వేసుకున్నాను.

ఆయిలర్‌కు ముప్పై ఏళ్లు దాటగానే కుడికన్ను చూపు దాదాపు పోయింది. బెర్లిన్‌లో 25 ఏళ్లు పనిచేసి 1766లో పీటర్స్‌బర్గ్ తిరిగి వచ్చారు. అప్పటికి ఆయనకు 59 ఏళ్లు. ఎడమకంటికీ శుక్లం వచ్చింది. 1771లో చేసిన ఆపరేషను కొద్దిరోజులే పనిచేసింది. అదే ఏడు ఇల్లు కాలిపోయింది. అయినా నోటితో చెబుతూ, శిష్యుల చేత రాయిస్తూ, తన జీవిత కృషిలో సుమారు సగం ఆ చీకటి రోజుల్లోనే పూర్తిచేశారు. 1783 సెప్టెంబరు 18న కన్నుమూశారు. ఆ రోజు కూడా యురేనస్ గ్రహ కక్ష్య గురించి చర్చించారు.

మన విరమణ వయసు దాటాకే ఆయన అంత పని చేశారు. నా శుక్లాల ఆపరేషను వచ్చే నెలలో ఉంది. అందాకా ఆగకుండా, ఈ వ్యాసం మనవరాలికి చెప్పి రాయించాను.