మహబూబ్ అలీ పాషా – మౌలాలీ గుర్రపు పందేల మైదానం

ఆరవ నిజాం నవాబ్ మీర్ మహబూబ్ అలీ ఖాన్ గారి పేరు విననివారు మన కుటుంబాల్లో ఉండరు. హైదరాబాదు పాత పెద్దలు ఆయన్ని మహబూబ్ అలీ పాషా అని ప్రేమగా పిలుచుకొన్నారు. ఆయన పులివేట, వజ్రాల కథలు, దానధర్మాలు మనం చిన్నప్పట్నుంచీ వింటున్నవే. కాని ఆయన బ్రతుకులో గుర్రాలకున్న చోటు గురించీ, ఆయన రోజుల్లోనే మూతపడిపోయిన మౌలాలీ పందేల మైదానం గురించీ చెప్పేవారు తక్కువ. ఆ మైదానం జ్ఞాపకం చెరిగిపోకముందే దాన్ని కాపాడుకోవాలన్న ఉద్దేశంతో పాషా గారి జీవితాన్ని ఈసారి ఆ వైపునుంచి చెబుతున్నాను.

గుర్రపు పందేలంటే మన పెద్దలు మొహం చిట్లిస్తారు. అది సబబే. జూదం మనకు హరాం. ఖురాన్‌లో దీని గురించి స్పష్టమైన ఆజ్ఞ ఉంది, ఇందులో వాదానికి తావు లేదు. అయితే గుర్రాన్ని పెంచడం, దానికి తర్ఫీదు ఇవ్వడం, పరుగులో పరీక్షించడం మన దీన్‌లో ఎన్నడూ తప్పు కాలేదు. మన ప్రవక్త (స) తర్ఫీదు పొందిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియ్యతుల్ వదా దాకా పరుగుపందెం పెట్టించారు. తర్ఫీదు లేని గుర్రాలకు సనియ్యతుల్ వదా నుంచి బనూ జురైక్ మస్జిద్ దాకా చిన్న పరుగు పెట్టించారు. ఈ సంగతి హదీసు గ్రంథాల్లో ఉంది. కనుక అశ్వవిద్య ఒకటి, దానిమీద డబ్బు కాయడం వేరొకటి. మొదటిదాన్ని జ్ఞాపకం ఉంచుకోవడానికి రెండోదాన్ని మెచ్చుకోవలసిన అవసరమేమీ లేదు.

బాలరాజు – బాల మైదానం

మహబూబ్ అలీ ఖాన్ గారు 1866 ఆగస్టులో హైదరాబాదులో జన్మించారు. తండ్రి ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా గారు 1869 ఫిబ్రవరిలో కన్నుమూశారు. అప్పటికి ఈ పిల్లవాడికి రెండున్నరేళ్లు. పాలు మరిచీ మరవని వయసులో తఖ్తు మీద కూర్చోబెట్టారు. రాజ్యభారం మొదటి సాలార్ జంగ్ గారూ, అమీరె కబీర్ షమ్సుల్ ఉమరా గారూ మోశారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, అంటే 1868 ప్రాంతంలో, మౌలాలీలో గుర్రపు పందేలు మొదలైనాయి. మౌలాలీ అంటే మనకు గుట్టమీద హజ్రత్ అలీ (ర) పేరిట వెలసిన కుతుబ్‌షాహీల నాటి దర్గా గుర్తుకు వస్తుంది. రజబ్ నెల 17న అక్కడ జరిగే ఉర్సుకు జంటనగరాలు తరలిపోయేవి. నిజాములు సైతం పరివారంతో వెళ్లేవారు. గుట్ట క్రింద చదునైన నేల ఉంది. దగ్గర్లోనే తిరుమలగిరి, బొల్లారం వైపు ఫౌజు ఛావనీలు ఉన్నాయి. మంచి గుర్రాలూ, వాటిమీద ఎక్కగలిగే సవార్లూ అక్కడే ఉన్నప్పుడు పందేలకు అంతకన్న అనువైన చోటు ఏముంటుంది? అప్పటికి సికింద్రాబాదుకు రైలు కూడా రాలేదు. వాడీనుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది 1874లో. పందేలు చూడాలంటే గుర్రం మీదనో, బండిలోనో, కాలినడకనో పోవలసిందే.

బాలరాజుకు చదువు చెప్పడానికి క్లర్క్ అనే ఇంటిపేరు గల ఇద్దరు ఆంగ్ల అధికారుల్ని ఒకరి తర్వాత ఒకర్ని నియమించారు. ఉర్దూ, ఫార్సీ, అరబ్బీ మన ఉలమాలు నేర్పించారు. చదువుతోపాటు సవారీ, తుపాకీ గురి కూడా పాఠాలే. పుస్తకం మీద ఎంత మనసు పెట్టారో గాని జీను మీద మాత్రం గట్టిగా కూర్చున్నారు. పెద్దయ్యాక అఫ్సరుల్ ముల్క్ గారు ఆయనకు తోడైనారు. సవారీలోను, నేజాబాజీలోను, పోలోలోను ఆయన పేరు అప్పట్లో హిందూస్తాన్ అంతటా మోగింది. ఆయన చేతిమీదుగా నిజాం రిసాలాలు కొత్త తీరు దిద్దుకొన్నాయి.

అరబ్బీ గుర్రాలు బొంబాయి రేవులో దిగి దక్కనుకు వచ్చేవి. మన దక్కనీ జాతి గుర్రాలకు నాందేడు వైపు మాలేగాం జాతర పెద్ద సంత. గుర్రం ఒక్కటుంటే దాని వెనుక ఎంతమంది బ్రతికేవారో ఆలోచించండి. తబేలా ఊడ్చి మాలీసు చేసే సైసు, గడ్డి కోసుకొచ్చేవాడు, ఉలవగుగ్గిళ్లు ఉడికించేవాడు, నాడాలు కొట్టే నాల్‌బంద్, జీను కుట్టేవాడు, కొత్త గుర్రాన్ని మచ్చిక చేసే చాబుక్‌సవార్. నవాబుల పేర్లు చరిత్రలో ఎక్కినాయి. వీళ్ల పేర్లు ఎక్కడా ఎక్కలేదు. వీళ్లలో ఎక్కువమంది మనలాంటి ఇళ్లవాళ్లే.

ఇరవై ఏళ్లకు మలక్‌పేట

సాలార్ జంగ్ గారు 1883 ఫిబ్రవరిలో అకస్మాత్తుగా మరణించారు. మరుసటి ఏడాది, 1884 ఫిబ్రవరి 5న, వైస్రాయి లార్డ్ రిప్పన్ స్వయంగా హైదరాబాదు వచ్చి మహబూబ్ అలీ ఖాన్ గారికి పూర్తి అధికారాలు అప్పగించారు. అప్పుడు ఆయనకు పద్దెనిమిదేళ్లు నిండలేదు. ఇంచుమించు ఆ రోజుల్లోనే దఫ్తరాల్లో ఫార్సీ పోయి ఉర్దూ వచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

రెండేళ్లు గడిచాయి. 1886లో పాషా గారు పందేలను మౌలాలీనుంచి మలక్‌పేటకు మార్పించారు. మలక్‌పేటలో ఆయనకు మహబూబ్ మాన్షన్ అనే మహలుంది. మైదానం ఆ మహలుకు దగ్గర. మనసుపడిన ఆటను ఇంటి ముంగిటికి తెచ్చుకొన్నారన్నమాట. ఆ విధంగా మౌలాలీ మైదానం మూతపడింది. అది మొదలైనప్పుడు ఆయన రెండేళ్ల పసివాడు. అది మూతపడినప్పుడు ఇరవై ఏళ్ల యువకుడు. ఆయన బాల్యమూ, ఆ మైదానం ఆయుష్షూ ఒక్కటే అని చెప్పవచ్చు.

ఆటపాటల్లోనే పొద్దుపుచ్చాడని ఆయన్ని విమర్శించేవారు లేకపోలేదు. ఖర్చు విషయంలో ఆయన చెయ్యి నిలిచేది కాదు. పురానీ హవేలీలో సుమారు 176 అడుగుల పొడవుతో రెండంతస్తుల బట్టల అల్మారా ఈనాటికీ ఉంది, వెళ్లి చూడవచ్చు. 1891లో జేకబ్ అనే వర్తకుడు తెచ్చిన వజ్రం బేరం చెడి కలకత్తా కోర్టు దాకా పోయింది. ఇవి దాచవలసిన సంగతులు కావు.

అయితే ఆయన కాలంలోనే 1887లో నిజాం కాలేజీ, 1891లో ఆసఫియా గ్రంథాలయం వెలిశాయి. 1888, 1889 సంవత్సరాల్లో క్లోరోఫాం మత్తుమందు మీద పరిశోధన చేయించడానికి రెండు కమిషన్ల ఖర్చు ఆయన ప్రభుత్వమే భరించింది. కవిగా ఆసిఫ్ అన్న తఖల్లుస్ పెట్టుకొని దాగ్ దేహ్లవీ గారిని ఉస్తాదుగా గౌరవించారు. హిందువైన మహారాజా కిషన్ పర్షాద్ గారిని 1901లో ప్రధానిని చేసుకొన్నారు. ప్రజలు ఆయన్ని ఎంత నమ్మారంటే పాము కరిచినవాడు ఆయన పేరు తలచుకొంటే విషం దిగిపోతుందనేవారు. షిఫా ఇచ్చేవాడు అల్లాహ్ ఒక్కడే. కాని ఒక రాజు పేరుకు రయ్యతులు అంత దూరం వెళ్లారంటే ఆ ప్రేమ ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

మూసీ వరద

ఆ ప్రేమకు అసలు పరీక్ష 1908 సెప్టెంబరు 28న వచ్చింది. మూసీ పొంగి ఒక్కరోజులో నగరాన్ని ముంచేసింది. వేలాదిమంది చనిపోయారు, వేలాది ఇళ్లు కూలిపోయాయి. పాషా గారు మహళ్ల తలుపులు తెరిపించారు, నిలువ నీడలేనివారికి వంటలు చేయించి పెట్టించారు. మతం చూడలేదు, హోదా చూడలేదు. మళ్లీ ఇలాంటి ముప్పు రాకుండా ఉపాయం చెప్పమని మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది కూడా ఆయన ప్రభుత్వమే.

ఆ వరదలో ప్రాణాలతోపాటు ఇళ్లల్లోని సనదులు, ఉత్తరాలు, లెక్కల వహీలు కూడా కొట్టుకుపోయాయి. ఏ ఇంట్లో ఏ కాగితం పోయిందో చెప్పగలవారు ఎవరూ మిగల్లేదు. పాత హైదరాబాదు గురించి మనకు తెలిసింది తక్కువగా ఉండడానికి ఇదీ ఒక కారణం.

మహబూబ్ అలీ పాషా గారు 1911 ఆగస్టు చివర ఫలక్‌నుమా మహలులో తనువు చాలించారు. వయసు నలభై అయిదు. మక్కా మస్జిద్ ఆవరణలో పూర్వుల ప్రక్కన ఖననం చేశారు. అల్లాహ్ ఆయనకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక.

మిగిలినది – మిగలవలసినది

ఆయన పోయాక పందేలు మలక్‌పేటనుంచి సికింద్రాబాదు పరేడ్ గ్రౌండ్స్‌కు మారాయి. హైదరాబాదు రేస్ క్లబ్ 1961లో ఏర్పడింది. 1968లో పందేలు తిరిగి మలక్‌పేటకే వచ్చాయి. అందువల్ల మలక్‌పేట పేరు నిలిచింది. మౌలాలీ మాత్రం వెనక్కి రాలేదు. ఈనాడు మౌలాలీ అంటే రైల్వే షెడ్లు, కార్ఖానాలు, కాలనీలు. గుట్టమీది దర్గాను చూడవచ్చినవారిని క్రింద గుర్రాలు పరుగెత్తిన సంగతి అడిగితే వింతగా చూస్తారు.

జేకబ్ వజ్రం చూడండి. అది చేతులు మారి మారి, 1995లో నిజాం నగలు 173 భారత ప్రభుత్వం కొన్నప్పుడు వాటిలో చేరింది. ఇప్పుడు పహరా మధ్య భద్రంగా ఉంది. రాయికి లెక్క ఉంది, మైదానానికి లెక్క లేదు. ఇలాంటి చోట్లు ఎంత త్వరగా పోతాయో మద్రాసువాళ్లను అడిగితే చెబుతారు. అక్కడి గిండీ పందేల మైదానాన్ని 2024 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం స్వాధీనం చేసుకొని తాళం వేసింది. జూదం పోయిందంటే మనకు సంతోషమే. కాని చోటుతో పాటు చరిత్ర కూడా పోనక్కరలేదు.

మరి మనం చేయగలిగేది ఏమిటి? తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో నిజాం కాలపు దస్త్రాలు లక్షలకొద్దీ ఉన్నాయి. పైన గుర్తుంచుకోమన్న సంగతి ఇక్కడ పనికివస్తుంది. మౌలాలీ మైదానం నడిచిన కాలం ఫార్సీ, ఉర్దూ దస్త్రాలు రెండింటి సంధికాలం. 1868 నాటి కాగితం ఫార్సీలోను, 1886 నాటి కాగితం ఉర్దూలోను ఉండవచ్చు, అదీ గొలుసుకట్టు షికస్తా రాతలో. ఉర్దూ మాధ్యమంలో చదివే పిల్లలే షికస్తా చూసి తడబడుతున్నారు. బళ్లో పాఠాలు చెప్పేవాడిగా ఇది రోజూ చూస్తున్నాను. ఇక ఉర్దూ లిపే రాని పిల్లల సంగతి చెప్పనవసరం లేదు. చదివేవారు లేకపోతే కాగితం ఉండీ లేనట్లే.

అందుచేత మన సంఘం సభ్యులకు మూడు విన్నపాలు. ఇంట్లో పాత ఫోటోలు, సైసు పట్టాలు, నౌకరీ కాగితాలు, అటకమీద జీను, రికాబు ఏమున్నా పారేయకండి, తుక్కువాడికి అమ్మకండి. ఎవరివో, ఏ ఊరివో వెనుక పెన్సిలుతో రాసి ఉంచండి. తాతలు, నానీలు, దాదీలు చెప్పే మాటల్ని పిల్లలచేత నోటుబుక్కులో రాయించండి, లేదా ఫోనులో రికార్డు చేయించండి. సెలవుల్లో మన పిల్లలు కొందరైనా షికస్తా చదవడం నేర్చుకొనేటట్టు సంఘం ఒక తరగతి పెట్టాలి. చెప్పగలిగిన పెద్దలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. అల్లాహ్ వారికి ఆయుష్షు ఇవ్వాలి.

మహబూబ్ అలీ పాషా గారి మహళ్లను చరిత్రకారులు చూసుకొంటారు. ఆయన గుర్రాలకు గుగ్గిళ్లు పెట్టినవాళ్ల చరిత్ర మనం చూసుకోకపోతే చూసుకొనేవారు లేరు.