యల్లాప్రగడ సుబ్బారావుగారు

తాడేపల్లిగూడెమునకు దక్షిణమున భీమవరము కలదు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన అచ్చట జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు; తల్లి వెంకమ్మగారు.

సుబ్బారావుగారి యౌవనమున ఆ యింట సంగ్రహణి వ్యాధి ప్రవేశించెను. ఈ వ్యాధి సోకినచో తిన్న యన్నము ఒంటబట్టదు, విరేచనములచే రోగి కృశించును, రక్తము క్షీణించును. కొలదిదినముల వ్యవధిలో ఇరువురు సోదరులు దానికి బలియైరి. ఆ దుఃఖమును సుబ్బారావుగారు ఎన్నడును మఱవలేదు.

మదరాసులో వైద్యవిద్య ముగించి, వారు అమెరికాకు వెళ్లిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధనలు గావించి, 1940లో లెడర్లీ ఔషధసంస్థలో చేరిరి.

కాలేయమునందును ఆకుకూరలయందును ఫోలిక్ ఆమ్లము స్వల్పముగా నుండును. రక్తము వృద్ధియగుటకు అది అవసరము. దాని జాడ తెలిపినది ఒక సూక్ష్మజీవి! పాలను తోడుపెట్టు లాక్టోబాసిల్లస్ జాతికి చెందిన ఒక బాక్టీరియా, ఈ ఆమ్లమున్నచో వృద్ధిచెందును, లేనిచో వృద్ధిచెందదు. ఆ వృద్ధిని కొలిచి శాస్త్రజ్ఞులు ఆమ్లమును గుర్తించిరి. 1945లో సుబ్బారావుగారి బృందము దానిని కృత్రిమముగా తయారుచేసెను. సంగ్రహణి రోగులకు దాని నొసగగా రక్తము పట్టి వారు కోలుకొనిరి.

1948లో వారి పర్యవేక్షణలో ఆరియోమైసిన్ అను మందు వెలువడెను. ఆ తరగతి మందులు ప్రేగులలో మితిమీరిన బాక్టీరియాను అణచును. అందుచే ఫోలిక్ ఆమ్లముతోపాటు అవియు సంగ్రహణికి చికిత్సయైనవి. ఆ యేడు ఆగస్టులోనే సుబ్బారావుగారు పరమపదించిరి.

ప్రేగులలోని బాక్టీరియా అంతయు శత్రువు కాదు. నెలలు నిండక జన్మించిన శిశువుల ప్రేగులను వ్యాధినుండి కాపాడుటకు నేడు వైద్యులు లాక్టోబాసిల్లస్ వంటి మేలుచేయు జీవులను పరీక్షించుచున్నారు. సోదరులను దక్కించుకొనలేకపోయిన సుబ్బారావుగారు, ఎందఱో రోగులకు ప్రాణదాతలైరి.