తాబేళ్ల తీరమునకు కాపరి: డాక్టరు ఆర్చీ కార్ గారి జీవిత చరిత్రము

మన అనంతపురపు సీమలో పుట్టి పెరిగిన బాలబాలికలలో సముద్రమును కన్నులార చూచినవారు కొందరే యుందురు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు ఈ మెరకనేలలో మనకు నీరనగా చెరువు నీరే. తాబేలనగా ఆ చెరువు బురదలో దాగియుండి, ముట్టినంతనే తలను కాళ్లను చిప్పలోనికి ముడుచుకొను ప్రాణియే. సముద్రపు తాబేలు అట్టిది కాదు. తలను గాని కాళ్లను గాని లోనికి ముడుచుకొను శక్తి దానికి లేదు. దాని కాళ్లు పడవ తెడ్లవలె బల్లపరుపుగా నుండును. నీటిలో వందలకొలది మైళ్లు అవలీలగా ఈదు ఆ జీవి, గ్రుడ్లు పెట్టుటకు ఇసుకతిన్నె నెక్కినప్పుడు మాత్రము పరుగెత్తలేదు, దాగలేదు, తన్ను తాను రక్షించుకొనలేదు. ఆ నిస్సహాయమైన గడియలో దానికి కాపరిగా నిలిచి, ముప్పది సంవత్సరములకు పైగా ఆ పనికే తన బ్రదుకును ధారపోసిన ఒక ఉపాధ్యాయుని చరిత్రమును మన విద్యార్థుల యెదుట ఉంచుచున్నాము.

ఆర్చిబాల్డ్ ఫెయిర్లీ కార్ గారు 1909వ సంవత్సరము జూన్ 16వ తేదీన అమెరికా దేశమునందలి అలబామా రాష్ట్రములో మొబీల్ అను రేవుపట్టణమున జన్మించిరి. తండ్రి ప్రెస్బిటీరియన్ సంఘమునకు బోధకుడు. తల్లి పియానో నేర్పు ఉపాధ్యాయిని. తండ్రి సేవ చేయు స్థలము మారినకొలది కుటుంబము టెక్సాసులోని ఫోర్ట్ వర్త్ నగరమునకును, తరువాత జార్జియాలోని సవానా పట్టణమునకును తరలెను. ఎచ్చటనున్నను బాలుని పెరటిలో తాబేళ్లకును బల్లులకును పాములకును చోటుండెను. పుస్తకములయందెంత ప్రీతియో ప్రాకెడు జీవులయందును అతనికంత ప్రీతి యుండెను.

యౌవనమున ఆయన మొదట ఆంగ్ల సాహిత్యమును అభ్యసింపనెంచిరి. కళాశాల దినములలోనే చేతి యెముకకు వ్యాధి సోకి, పలుమారులు శస్త్రచికిత్స జరిగి, ఒక మోచేయి బిగిసిపోయెను. ఆ కష్టము ఆయనను క్రుంగదీయలేదు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయమున జీవశాస్త్రమునకు మరలి, 1932లో మొదటి పట్టమును, 1934లో రెండవ దానిని, 1937లో డాక్టరు పట్టమును పొందిరి. ఆ విశ్వవిద్యాలయమున జీవశాస్త్రమునందు డాక్టరు పట్టము పొందినవారిలో ఆయనయే ప్రథములు. ఆ సంవత్సరమే మార్జొరీ హారిస్ అను యువతిని వివాహమాడిరి. ఆమెయు జీవశాస్త్రము చదివినవారే. ఫ్లోరిడా రాష్ట్రమును అడ్డముగా చీల్చి అడవులను నదిని పాడుచేయనున్న కాలువను ఎదిరించి పోరాడినవారిలో ఆమె ముఖ్యురాలు. ఆ కాలువ పని 1971లో ఆగిపోయెను. ఈ దంపతులకు ఐదుగురు బిడ్డలు కలిగిరి.

కార్ గారు తాము చదివిన విశ్వవిద్యాలయముననే ఉపాధ్యాయులై, మధ్య కొంతకాలము, అనగా 1945 మొదలు 1949 వరకు, మధ్య అమెరికాలోని హాండురాస్ దేశమున వ్యవసాయ పాఠశాలలో బోధించిరి. 1952లో తాబేళ్లను గూర్చి ఆయన రచించిన పెద్ద గ్రంథము వెలువడి పండితుల మన్నన పొందెను. అయితే ఆ గ్రంథమును వ్రాయుచున్నప్పుడే ఆయనకొక లోటు స్పష్టమయ్యెను. మంచినీటి తాబేళ్లను గూర్చి వ్రాయుటకు కావలసినంత సమాచారముండెను గాని, సముద్రపు తాబేళ్లు ఎచ్చట మేయునో, ఎచ్చట గ్రుడ్లు పెట్టునో, నడుమ ఏ దారిని పోవునో చెప్పగలవారు లేకుండిరి. తెలిసినవారున్నచో వారు దొరలును కారు, పండితులును కారు. వలలు వేయు బెస్తవారే. కాబట్టి కార్ గారు నోటుపుస్తకము చేతబట్టి కరీబియన్ సముద్రపు తీరములవెంబడి తిరిగి, బెస్తవారి చెంత కూర్చుండి, శిష్యునివలె వారు చెప్పినది వినిరి.

ఆ వెదకులాటలో కోస్టారికా దేశపు తూర్పుతీరమునందు టోర్టుగెరో అను నల్లయిసుక తీరము ఆయనకు తెలియవచ్చెను. ఆ పేరే తాబేళ్లకు సంబంధించినది. పచ్చ తాబేళ్లు అను జాతి అచ్చటికి గుంపులుగా వచ్చి గ్రుడ్లు పెట్టును. చిప్ప రంగునుబట్టి గాక, లోని క్రొవ్వు పచ్చగా నుండుటచేత వానికాపేరు కలిగెను. ఆడ తాబేలు రాత్రివేళ అలలనుండి వెడలి, బరువైన దేహమును ఈడ్చుకొనుచు తిన్నె నెక్కి, వెనుక తెడ్లతో కడవవంటి గుంటను త్రవ్వి, నూరుకు పైగా గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, మరల సముద్రమునకు పోవును. ఇంచుమించు రెండు మాసములకు పిల్లలు ఇసుకను చీల్చుకొని వచ్చి నీటివైపు పరుగిడును. వానిలో కుక్కలకును రాబందులకును పీతలకును చేపలకును ఆహారము కాక మిగిలి పెద్దవగునవి మిక్కిలి కొలది.

మనుష్యులు చేయు కీడు అంతకంటె పెద్దది. ఆ తీరమును మైళ్ల చొప్పున పంచుకొని, రాత్రియంతయు కాచియుండి, ఒడ్డెక్కిన ప్రతి తాబేలును వెల్లకిల త్రిప్పువారుండిరి. వెల్లకిల పడిన తాబేలు తిరిగి లేవజాలదు. మాంసమునకును, చిప్ప క్రిందనుండు మెత్తని పొర నుపయోగించి ధనవంతులకు కాచు చారునకును అవి పోయెడివి. తల్లులు చచ్చిన తీరమునకు ఏమి గతి పట్టునో కార్ గారెరుగుదురు. 1503లో కొలంబసు కేమన్ దీవులను చూచి, తాబేళ్ల సమృద్ధినిబట్టి వానికి తాబేళ్ల దీవులని పేరిడెను. ఓడలవారు ఏటేట వానిని నింపుకొనిపోవగా, 18వ శతాబ్దము ముగియునప్పటికి ఆ గుంపులు దాదాపు అంతరించెను.

1955లో కార్ గారు టోర్టుగెరోయందు పరిశోధన ప్రారంభించిరి. గ్రుడ్లు పెట్టి మరలు తాబేలుకు గుర్తుబిళ్ల నొకదానిని తగిలించుట ఆయన పద్ధతి. మొదట చిప్పకు తీగతో కట్టిన బిళ్లలు ఊడిపోయెను. పిమ్మట ముందుతెడ్డునకు లోహపు బిళ్లను బిగించిరి. బిళ్లను తిరిగి పంపినవారికి బహుమాన మిత్తుమని దానిపై ముద్రింపబడెను. ఏండ్లు గడచినకొలది బిళ్లలు తిరిగి రాసాగెను. ఎక్కువభాగము నికరాగువా దేశపు మిస్కీటో తీరమునుండి వచ్చెను. తాబేలును చంపినవాని చేతిమీదుగనే దాని ప్రయాణవృత్తాంతము పండితునికి చేరెను! అచ్చటి గడ్డి మైదానములవంటి లోతులేని నీటిలో మేసి, రెండు మూడేండ్లకొకమారు అవి ఈ తీరమునకే మరలుననియు, ఇచ్చట గుర్తుపెట్టబడినది మరియొక తీరమున గ్రుడ్లు పెట్టినట్లు కనబడలేదనియు తేలెను. అనగా ఒక తీరము నశించినచో ఆ తాబేళ్లకు మరియొక ఇల్లు లేదు.

ఈ సంగతులను ఆయన బల్లలు, అంకెలు కల పండిత గ్రంథమునందే దాచియుంచలేదు. 1956లో ది విండ్‌వర్డ్ రోడ్ అను యాత్రాగ్రంథమును సామాన్యులకు రుచించునట్లు వ్రాసిరి. యౌవనమున అభ్యసించిన సాహిత్యము ఇప్పుడు అక్కరకు వచ్చెను. ఆ గ్రంథమును చదివి కదలిన ఒక పుస్తక ప్రియుడు దానిని తన స్నేహితులకు పంచెను. వారందరును పచ్చ తాబేలు సోదరసంఘమని పేరుపెట్టుకొని చేరగా, 1959లో దానినుండి తాబేళ్ల రక్షణకు స్థిరమైన సంస్థ యొకటి వెలసెను. పుస్తక మొకటి సముద్రతీరమున కాపలావానిని నిలుపగలదని దీనివలన తెలియుచున్నది.

మహనీయుల చరిత్రములో తప్పులను దాచుట మంచిది కాదు. కార్ గారును తప్పుదారులు త్రొక్కిరి. 1960ల దశకమున అమెరికా నౌకాదళపు విమానములలో టోర్టుగెరో గ్రుడ్లను, పిల్లలను కరీబియన్ తీరములనేకములకు చేర్చి, నశించిన గుంపులను మరల నెలకొల్పజూచిరి. ఎన్నో ఏండ్లు శ్రమించినను ఎచ్చటను క్రొత్త గుంపు నిలిచినట్లు నిదర్శనము దొరకలేదు. తాబేళ్లను పశువులవలె పెంచి అమ్మినచో అడవి తాబేళ్లు బ్రదుకునని మొదట తలచి, అట్టి అమ్మకము కోరికను పెంచునే కాని తగ్గింపదని పిదప గ్రహించి, ఆ అభిప్రాయమును విడిచిరి. తాననినదే సత్యమని పట్టుబట్టక, సత్యము కనబడినప్పుడు దానికి తలయొగ్గిన పండితుడు విద్యార్థులకు మిక్కిలి మేలైన మాదిరి.

తీరమును కాచుటలో ఆయనకు చిక్కిన మెలకువ మరియొకటి కలదు. తాబేలు మీద బ్రదుకు బీదవానిని దొంగయని తరిమివేసినంత మాత్రమున తాబేలు బ్రదుకదు. టోర్టుగెరో గ్రామస్థులలో కొందరు ఆయన పరిశోధనలో పనివాండ్రైరి. 1970లో ఉత్తరువుచేతను, 1975లో చట్టముచేతను ఆ ప్రాంతము జాతీయ ఉద్యానవనమాయెను. క్రమముగా తాబేళ్లను చూచుటకు యాత్రికులు రాసాగిరి. తాబేలును వెల్లకిల త్రిప్పిన గ్రామపు బిడ్డలే నేడు యాత్రికులకు దారిచూపువారై, చచ్చిన తాబేలుకంటె బ్రదికిన తాబేలువలననే ఎక్కువ జీవనము గడుపుకొనుచున్నారు. అచ్చట రాత్రివేళ దారిచూపువాడు లేనిదే తీరమున నడువరాదు, ఛాయాచిత్రములు తీయరాదు, తెల్లని దీపము వెలిగింపరాదు. ఏలయన గ్రుడ్డునుండి వెడలిన పిల్ల వెలుగుగానున్న దిక్కు సముద్రమని నమ్మి పోవును. దారితప్పించు దీపము దానికి మృత్యువే. పిల్లలు సముద్రమును ఎట్లు కనుగొనునను విషయమును స్వయముగా పరిశోధించినవారిలో కార్ గారొకరు.

మన దేశమునకు సంబంధించిన యొక కథ ఇచ్చట చెప్పవలసియున్నది. రిడ్లీ అను చిన్నజాతి తాబేళ్లలో కెంప్స్ రిడ్లీ యనునది ఎచ్చట గ్రుడ్లు పెట్టునో తెలియక కార్ గారు ఏండ్ల తరబడి వెదకిరి. 1947లోనే మెక్సికో దేశస్థుడొకడు విమానమునుండి దిగి, పట్టపగలు వేలకొలది రిడ్లీలు ఒక్క తీరమున క్రిక్కిరిసి గ్రుడ్లు పెట్టుటను చలనచిత్రముగా తీసియుండెను. ఆ చిత్రము పండితుల కంటబడినది 1961లో. ఒక్కనాడే సుమారు 40,000 తాబేళ్లు అందున్నవని అంచనా వేసిరి. అయితే అప్పటికే గ్రుడ్లు తరలిపోయి ఆ గుంపు సన్నగిల్లుచుండెను. 1985 నాటికి ఏడాదిలో దొరికిన గూళ్లు సుమారు 700 మాత్రమే. రెండు దేశములవారు కలిసి కాపలాయుంచి, వలలలో చిక్కిన తాబేలు బయటపడు మార్గమమర్చిన పిదప ఆ జాతి తిరిగి కొంత కోలుకొనెను.

ఆ కెంప్స్ రిడ్లీకి తోబుట్టువే మన తీరమునకు వచ్చు ఆలివ్ రిడ్లీ. ఏటేట జనవరి మొదలు మార్చి వరకు శ్రీకాకుళమునుండి నెల్లూరు వరకుగల ఆంధ్రతీరమున, కాకినాడ చెంతనున్న హోప్ దీవియందును ఇవి గ్రుడ్లు పెట్టును. ఒడిశాలోని గహీర్మాతా తీరమున అవి మూకుమ్మడిగా వచ్చుట 1974లో శాస్త్రలోకమునకు తెలిసెను. తెలుగు మాటలాడు జాలరులు నివసించు గంజాం జిల్లాలో ఋషికుల్యా నదీముఖమున అట్టి మరియొక తీరము 1994లో గుర్తింపబడెను. ఈ తాబేళ్లు వన్యప్రాణి రక్షణ చట్టపు మొదటి షెడ్యూలునకు చేరినవి. అయినను ట్రాలరు వలలలో చిక్కి ఊపిరాడక చచ్చిన తల్లుల కళేబరములు మన తీరములకు కొట్టుకొనివచ్చుచునే యున్నవి. కుక్కలబారి పడకుండ గ్రుడ్లను ఏరి, కంచెలోపల ఇసుకలో పొదిగించి, పిల్లలను నీటికి విడుచు పనిని అటవీశాఖవారును స్వచ్ఛంద సేవకులును తీరగ్రామస్థులును చేయుచున్నారు.

కార్ గారు 1987వ సంవత్సరము మే 21వ తేదీన ఫ్లోరిడాలోని తమ గృహమున కన్నుమూసిరి. ఆయన పేరిట 1991లో ఆ రాష్ట్రపు తూర్పుతీరమున ఒక తాబేళ్ల శరణాలయము ఏర్పడెను. ఆయన కాలమున నశించునేమో యనిపించిన పచ్చ తాబేలును, అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు 2025లో ఆపదనుండి తేరుకొన్న జాతిగా ప్రకటించిరి. ఆ శుభవార్త వినుటకు ఆయన లేరు. విత్తువాడొకడు, కోయువాడొకడు.

మెరకసీమలోనున్న మనకు ఈ చరిత్రముతో పనియేమని విద్యార్థులు అడుగవచ్చును. చిలమత్తూరు మండలములోని వీరాపురమును తలచుకొనుడు. పూర్వము మన అనంతపురము జిల్లాలోనిదై, 2022నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఆ గ్రామమునకు ఏటేట రంగుకొంగలు వచ్చి ఊరి చెట్లపై గూళ్లు కట్టును. వాని రెట్టల వాసనను, రొదను సహించి, గ్రామస్థులు వానిని ఇంటికి వచ్చిన ఆడుబిడ్డలవలె చూచుకొందురు. చెరువులెండిన ఏట పక్షులకెంత కష్టమో వారి మనస్సుకును అంత కష్టము. టోర్టుగెరోలో పండితుడు ముప్పది యేండ్లు నేర్చిన పాఠమును ఈ గ్రామస్థులు బడికి పోకయే ఎరిగియున్నారు.

మన విద్యార్థులు విహారయాత్రకు విశాఖపట్టణమునకో కాకినాడకో పోయినప్పుడు, ఇసుకలో తెడ్లజాడలు కనబడినచో దీపమార్పి, దూరముగా నిలిచి, గ్రుడ్డు ముట్టక, వచ్చిన దారినే మరలుదురు గాక. వీరాపురమునకు పోయినచో చెట్లక్రింద కేకలు వేయక, రాయి విసరక చూచి వత్తురు గాక. సృష్టికర్త మానవుని తోటలో ఉంచినది అనుభవించుటకు మాత్రమే కాదు, దానిని కాపాడుటకును. ఆ కాపలాపనిలో ఒక చేయి బిగిసిపోయినవాడు అంత చేయగలిగినప్పుడు, రెండు చేతులును చక్కగానున్న మనము కొంచెమైనను చేయలేమా?