మింటిగాలిని కొలిచిన ఓయిషి

చెట్ల ఆకులు కదలుట చూచి గాలి యే దిక్కునుండి వీచుచున్నదో మనము చెప్పగలము. కాని ఆకాశమంతటను ఆ గాలియే వీచుచున్నదని తలచుట పొరపాటు. ఒక్కొక్కప్పుడు క్రింది మేఘము లొక దిక్కునకును, వానికి పైనున్న పలుచని మేఘములు వేరొక దిక్కునకును పోవుచుండును. ఈ భేదమును ఓర్పుతో కొలిచి, మింట ఒక మహావాయుప్రవాహము కలదని కనుగొనిన శాస్త్రజ్ఞుడు వాసాబురో ఓయిషి.

ఓయిషి 1874వ సంవత్సరమున జపానుదేశమునందలి సాగా మండలమున జన్మించెను. టోక్యోలోని విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము నభ్యసించి, వాతావరణ పరిశీలనమునందు ప్రవేశించెను. ఆ కాలమున వాతావరణ పరిశీలన మనగా చాలవరకు నేలమీది వేడిని, వానను, గాలిని కొలుచుటయే. ఊర్ధ్వవాయువులను గూర్చి తెలిసినది స్వల్పము. ఓయిషి జర్మనీదేశమునకు పోయి, లిండెన్‌బర్గు పరిశోధనాలయమున గాలిపటములతోను, బెలూనులతోను పై గాలిని పరిశీలించు పద్ధతులను నేర్చుకొని వచ్చెను. 1920లో టోక్యోకు ఈశాన్యమున తతెనో అను గ్రామమున ఊర్ధ్వవాయు పరిశోధనాలయము వెలసెను. దానికి ఓయిషి మొదటి యధ్యక్షుడయ్యెను.

అచటి పని పైకి సులభముగ తోచును. హైడ్రోజను వాయువు నింపిన చిన్న రబ్బరు బెలూనును విడిచిపెట్టుదురు. అది ఇంచుమించు సమవేగముతో పైకి పోవును గనుక, గడచిన కాలమునుబట్టి దాని యెత్తు తెలియును. థియొడొలైటు అను దూరదర్శినీయంత్రముతో దానిని వెంబడించుచు, అది యే దిక్కున, ఎంత కోణమున నున్నదో గుర్తింతురు. ఆ లెక్కలవలన ప్రతి యెత్తునందలి గాలి దిక్కును, వేగమును తెలియవచ్చును. అయితే మేఘ మడ్డమైనచో బెలూను కనుమరుగగును. శీతకాలమున సైబీరియానుండి వచ్చు గాలులు జపాను పడమటి తీరముననే మంచు కురిపించును. తతెనో ప్రాంతమున ఆకాశము నిర్మలముగ నుండును. ఇది ఓయిషికి మిక్కిలి తోడ్పడెను.

1923 మార్చి మొదలు 1925 ఫిబ్రవరి వరకు 1,288 పరిశీలనములు జరిగెను. 1924 డిసెంబరు 2వ తేదీన సుమారు 9 కిలోమీటర్ల యెత్తున పడమటిగాలి సెకనుకు 70 మీటర్లకు మించిన వేగముతో వీచుచుండుట కానవచ్చెను. అనగా గంటకు 250 కిలోమీటర్లకు పైమాట! నేలమీద నట్టి వేగము ఘోరమైన తుపానులయందు గాని కనబడదు. ఒక్కనాటి ఫలితమును నమ్ముకొని యూరకుండక, ఓయిషి రెండేండ్ల కొలతలను ఋతువులవారిగ విభజించి సగటులు కట్టెను. శీతకాలమున ఈ ప్రబలమైన పడమటిగాలి మరల మరల వీచుచున్నదని స్పష్టమయ్యెను.

క్రిందిగాలికిని పైగాలికిని ఇంత భేద మేల? నేలనంటి వీచు గాలిని కొండలు, చెట్లు, ఇండ్లు ఒరసికొని మందగింపజేయును. పైన నట్టి యడ్డంకులు లేవు. అంతకంటె ముఖ్యమైన కారణము మరియొకటి కలదు. ఉత్తరమునందలి చల్లనిగాలి దట్టమైనది గనుక, అచట పైకి పోయినకొలది పీడనము త్వరగ తగ్గును. దక్షిణమునందలి వెచ్చనిగాలిలో మెల్లగ తగ్గును. కావున ఎత్తు పెరిగినకొలది ఉత్తర దక్షిణముల పీడనభేద మధికమగును. ఆ భేదముచే ఉత్తరమునకు బయలుదేరిన గాలిని భూభ్రమణము కుడివైపునకు త్రిప్పుటచే, అది పడమటినుండి తూర్పునకు వీచును. శీతకాలమున చలి తీవ్రమగుటచే ఆ ప్రవాహము మిక్కిలి బలపడును.

1926లో ఓయిషి తన ఫలితములను ప్రకటించెను. సకల దేశములవారికి ఒక సామాన్యభాష యుండవలెనని కోరి, ఆయన ఎస్పరాంతో అను కల్పితభాష నభిమానించెను. నివేదికను గూడ అందే వ్రాసెను. కాని ఆ భాష నెరిగిన శాస్త్రజ్ఞులు మిక్కిలి కొద్దిమంది. ఎల్లరకు నందవలెనని వ్రాసిన గ్రంథము ఎవరికిని అందకపోయెను!

దాని ఫలము యుద్ధకాలమున తెలియవచ్చెను. 1944 నవంబరులో టోక్యోపై నెగిరిన అమెరికా విమానములు ఈ గాలిలో చిక్కుకొని, బాంబులు గురితప్పి తికమకపడెను. ఆ నెల మొదలు జపాను సైన్యము వేలకొలది కాగితపు బెలూనులకు బాంబులు కట్టి, ఈ ప్రవాహముమీదుగ పసిఫిక్ సముద్రమును దాటించెను. 1945 మే 5వ తేదీన ఆరెగాన్ రాష్ట్రమున అట్టి బాంబొకటి ప్రేలి, అయిదుగురు బాలబాలికలును, ఒక స్త్రీయును మరణించిరి. దేశములను కలుపగోరిన శాస్త్రజ్ఞుడు కొలిచిన గాలి పసివారిపైకి మృత్యువును మోసికొనిపోయెను.

యుద్ధానంతరము, 1947లో, షికాగోలోని రాస్బీ మొదలగు శాస్త్రజ్ఞులు దీనికి జెట్ స్ట్రీమ్ అను పేరును వాడుకలోనికి తెచ్చిరి. 1950లో ఓయిషి కన్నుమూసెను. పిదప చాలకాలమునకు గాని ఆయన కృషి విదేశములందు గుర్తింపు పొందలేదు. నేడు జపానునుండి అమెరికాకు పోవు విమానము లీ గాలిని తోడుచేసికొని, ఇంధనమును కాలమును మిగుల్చుకొనుచున్నవి. తతెనోనుండి నేటికిని బెలూనులు పైకి పోవుచున్నవి. ప్రకృతిని గూర్చిన జ్ఞానము సంపాదించుటకు ఓర్పు వలయును. దానిని అందరికిని అందజేయుటకును, మేలునకే వినియోగించుటకును అంతకంటె నెక్కువ శ్రద్ధ వలయునని ఓయిషి జీవితము తెలుపుచున్నది.