అమృతా షేర్‌గిల్: ఇంటి చిత్రములు జాతి సొత్తయిన కథ

మన గృహములలో ఆస్తి యనగా పొలము, ఇల్లు, బంగారము. వీలునామా వ్రాయువారు వీనిని బిడ్డలకు పంచియిచ్చి, ధర్మబుద్ధి గలవారైనచో కొంత దేవాలయమునకో, సత్రమునకో విడుతురు. గోడకు వ్రేలాడు చిత్రమును ఆస్తిగా నెంచువారు కొలదిమంది. దానిని దేశమునకు సమర్పింపవలెనని తలచువారు మఱింత అరుదు. ఢిల్లీ నగరమున ఇండియా గేటు చెంత జయపూర్ హౌస్ నందున్న జాతీయ ఆధునిక కళాశాలకు పునాదిగా నిలిచిన దానములలో అట్టిది యొకటి కలదు. ఆ దానము వెనుక, 28 ఏండ్లకే ముగిసిన యొక చిత్రకారిణి జీవితమున్నది.

అమృతా షేర్‌గిల్ 1913 జనవరి 30వ తేదీన హంగరీ రాజధాని బుడాపెస్టు నగరమున జన్మించెను. తండ్రి ఉమ్రావ్ సింగ్ పంజాబులోని మజీఠియా సర్దారుల వంశమువాడు; సంస్కృత పారసీకములయందు పాండిత్యము, ఛాయాచిత్రణమునందు అభినివేశము గలవాడు. తల్లి మేరీ ఆంటోనెట్ హంగరీ దేశీయురాలు, సంగీతజ్ఞురాలు. మొదటి ప్రపంచ యుద్ధకాలమంతయు ఆ కుటుంబము హంగరీలోనే గడపి, 1921లో భారతదేశమునకు వచ్చి, సిమ్లాలోని సమ్మర్ హిల్ నందు కాపురముండెను. బాల్యమునుండియు కూతురు చేతిలో రంగులు విడువకుండుట చూచి తల్లిదండ్రులు 1929లో ఆమెను పారిస్ నగరమునకు గొనిపోయిరి. అచ్చటి ప్రసిద్ధ కళాశాలలో లూసియన్ సిమోన్ అను ఆచార్యునికడ ఆమె శిక్షణ పొందెను. 1932లో చిత్రించిన ఇరువురు యువతుల చిత్రమునకు మఱుసటి సంవత్సరము పారిస్ ప్రదర్శనలో బంగారు పతకము లభించెను.

ఇంతటి కీర్తి చేతికందిన పిమ్మట పారిస్‌లోనే స్థిరపడుట ఎవరికైనను సహజమే. అమృత అట్లు చేయలేదు. తన కళకు తావు భారతదేశమే యను నమ్మకము ఆమెలో బలపడెను. 1934 చివర స్వదేశమునకు మరలి వచ్చి, సిమ్లా పరిసరములందలి కొండజాతి స్త్రీపురుషులను 1935లో చిత్రించెను. ఆ చిత్రములలో పండుగ వేషములు లేవు, నాట్యభంగిమలు లేవు. చలికి దుప్పటి కప్పుకొని, మాటలేక నిలిచిన పేదవారే కలరు. వారి కన్నులలో దైన్యమున్నను, యాచన లేదు. దొరల వినోదమునకై గ్రామములను రంగురంగుల బొమ్మలుగ చూపు అలవాటు ప్రబలియున్న ఆ దినములలో ఈ దృష్టి క్రొత్తది. ఆ యేడే సిమ్లా కళాసంఘము తన చిత్రములలో కొన్నిటిని నిరాకరించి, వేఱొకదానికి బహుమానమీయగా, ఆమె ఆ బహుమానమును త్రిప్పి పంపెను.

1936 చివర ఆమె దక్షిణయాత్రకు బయలుదేరెను. బొంబాయి, అజంతా, ఎల్లోరాలను దర్శించి హైదరాబాదు చేరెను. తెలుగువారికి ఆసక్తి గొలుపు ఘట్టమిది. చిత్రసేకరణమునకు పేరొందిన నవాబు సాలార్‌జంగు ఆమె చిత్రములను పరిశీలనకై తనయొద్ద నుంచుకొని, తుదకు కొనక త్రిప్పి పంపెను. ఆయనకు ప్రీతి యైనది గత శతాబ్దపు ఐరోపా చిత్రకళ. ఆమెకు ఆ తరహా చిత్రములనిన గిట్టదు. ధనమునకు కటకటగా నున్నను, కొనదలచినవాని మెప్పుకొఱకు తన యభిప్రాయమును దాచుకొను స్వభావము ఆమెది కాదు. ఆ నవాబు సేకరించిన వస్తుసముదాయము ఆయన మరణానంతరము 1951లో ప్రజల మ్యూజియముగ తెఱువబడెను. అభిరుచులలో అంత దూరమైన ఆ యిరువురి సంపదలును చివరకు ప్రజల కన్నులకే దక్కుట గమనింపదగినది.

కన్యాకుమారివఱకు సాగిన ఆ యాత్ర ఆమె కుంచెను మార్చెను. అజంతా గుహలలోని వర్ణచిత్రములు, కొచ్చిన్‌లోని మట్టాంచెరి కోటగోడల చిత్రములు ఆమెకు గురువులైనవి. వధువు అలంకరణము, బ్రహ్మచారులు, సంతకు పోవు దక్షిణదేశ గ్రామీణులు అను మూడు చిత్రములు 1937లో వెలసినవి. ఆ యేడే బొంబాయి కళాసంఘము, అంతకుముందు చిత్రించిన ముగ్గురు బాలికల చిత్రమునకు బంగారు పతకమిచ్చెను.

1938లో హంగరీకేగి, తన తల్లివైపు బంధువర్గములోనివాడును వైద్యుడును నైన విక్టర్ ఈగన్‌ను వివాహమాడెను. 1939లో దంపతులు భారతదేశమునకు వచ్చి, గోరఖ్‌పూరు మండలమున సరాయా గ్రామములోని షేర్‌గిల్ కుటుంబపు ఎస్టేటునందు నివసించిరి. అచ్చట చక్కెర కర్మాగారమున్నది. చుట్టును చెఱకు తోటలు, పల్లెలు. పసుపు నూఱు స్త్రీలు, మంచముపై మేనువాల్చిన గృహిణి, ఊయల, కథ చెప్పు వృద్ధుడు, ఏనుగులు అను చిత్రములు ఈ కాలమునకు చెందినవి. మొగలు, రాజపుత్ర సూక్ష్మచిత్రముల ప్రభావము వీనిలో కానవచ్చును. పగటివేళ పల్లెలోని నిశ్శబ్దమును, పనిపాటుల నడుమ స్త్రీలకు దొరకు కొద్దిపాటి విరామమును ఆమె ఎఱుపు పసుపు వన్నెలలో నిలిపెను.

1941 సెప్టెంబరులో దంపతులు లాహోరునకు మారిరి. డిసెంబరులో అచ్చట ఆమె చిత్రప్రదర్శన జరుగవలసియుండెను. ప్రదర్శనకు కొలది దినములముందు జబ్బుపడి, డిసెంబరు 5వ తేదీ రాత్రి ఆమె కన్నుమూసెను. తన మిద్దెనుండి కానవచ్చు పెరడు, గేదెలు గల చిత్రమొకటి పూర్తికాకుండగనే నిలిచిపోయెను. నిశ్చయించిన ప్రదర్శన, చిత్రించిన చేయి లేకయే, ఆ నెలలోనే జరిగెను.

మిగిలినవారికి దక్కినది చిత్రములే. వానిని అమ్ముకొన్నచో ధనము వచ్చెడిది. పంచుకొన్నచో ఒక్కొక్కటి యొక్కొక్క గోడకు చేరెడిది. దేశవిభజనముతో లాహోరు పరదేశమయ్యెను. 1948లో తల్లి మేరీ ఆంటోనెట్ స్వహస్తముతోనే ప్రాణము తీసికొనెను. అట్టి దుఃఖసమయమున ఉమ్రావ్ సింగ్, విక్టర్ ఈగన్ తమయొద్దనున్న చిత్రములలో అధికభాగమును భారత ప్రభుత్వమునకు అప్పగించిరి. కూతురు చేతివ్రేళ్ల జాడ గల వస్తువులను ముసలితండ్రి ఇల్లు దాటించుట సామాన్యము కాదు. అయినను, ఆ పల్లెప్రజల ముఖములు ఒక్క కుటుంబమునకు పరిమితమై యుండరాదని ఆ నిర్ణయము చాటుచున్నది. 1954 మార్చి 29వ తేదీన ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్, ప్రధాని నెహ్రూ సమక్షమున జాతీయ ఆధునిక కళాశాలను ప్రారంభించినపుడు, ఆ సంస్థకు మూలధనముగ నున్న చిత్రములలో అమృత చిత్రములు ముఖ్యమైనవి. నేడు ఆ శాలయొద్ద నూటికి మించిన ఆమె కృతులు కలవు. ఉమ్రావ్ సింగ్ ఆ 1954లోనే మరణించెను.

1972 నాటి పురావస్తు కళానిధుల చట్టముక్రింద 1976లో ప్రభుత్వము ఆమె చిత్రములను జాతీయ కళానిధులుగ ప్రకటించెను. కావున అవి ప్రైవేటు వ్యక్తుల చేతనున్నను దేశము దాటి అమ్ముడుపోరాదు. అయితే చట్టము చిత్రమును ఎల్లలలోపల నిలుపగలదు గాని, తాళము వేసిన గదినుండి బయటికి తేజాలదు. ఆమె 1937లో చిత్రించిన కథకుని చిత్రమొకటి 2023లో వేలమునందు 61.8 కోట్ల రూపాయలు పలికెను. ఆ చిత్రము వేఱు, జయపూర్ హౌస్‌లోనివి వేఱు. ఆ ధరను విన్నపిమ్మట 1948 నాటి దానపు విలువ ఎంతటిదో లెక్కవేయవచ్చును. ధనికుడు కోట్లు చెల్లించి పొందు దర్శనము, ఒక విద్యార్థికి స్వల్పమైన ప్రవేశరుసుముతో లభించుట ఆ దానఫలము.

మనవారిలోను ఇట్టి విషాదము, ఇట్టి భాగ్యము ఉన్నవి. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు 1925లో, 28 ఏండ్లు నిండకమునుపే మశూచికమునకు బలియయ్యెను. ఆయన చిత్రములు చెదరిపోక, ఆ పట్టణమున ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో నిలిచియున్నందుననే తరువాతి తరములు ఆయనను ఎఱుగగలిగినవి. పేరుపొందిన కుంచె కాకపోయినను, తాతలనాటి పల్లెచిత్రమో, కోతల దృశ్యమో, పేరంటపు బొమ్మయో మన యిండ్లలోను ఉండవచ్చును. చెదలు పట్టకమునుపు, పంపకములలో ముక్కలు కాకమునుపు, దానిని ఎవరు, ఎప్పుడు, ఏ యూరిలో చిత్రించిరో ఒక కాగితముపై వ్రాసియుంచుట మొదటి పని. దానిని పదిమంది చూడదగిన చోటికి చేర్చుట రెండవది. మొదటిదానికి ఒక సాయంత్రము చాలును. రెండవదానికి ఉమ్రావ్ సింగ్ వంటి మనస్సు కావలెను.