మసీదు కోసం కోట తలుపులు తీసిన సిపాయి: ఆదోని సిద్ది మసూద్ ఖాన్

ఆదోని షాహీ జామియా మసీదును ఎవరు కట్టించారని ఊళ్లో అడిగితే సిద్ది మసూద్ ఖాన్ పేరు చెబుతారు. మంత్రాలయంలో అడిగితే మఠానికి ఊరు రాసిచ్చిన ఆదోని నవాబు అని ఆ పేరే చెబుతారు. మహారాష్ట్రలో పన్హాళా కోట దగ్గర అడిగితే శివాజీని వానలో వెంటాడిన బీజాపూరు సర్దారు అంటారు. మూడు చోట్లా ఒకే మనిషి. అయితే ఈ మూడు ముక్కలనూ కలిపి ఆయన జీవితం చెప్పేవాళ్లు మన దగ్గర తక్కువ.

మసూద్ ఖాన్ హబ్షీ. అంటే అబిసీనియా, ఇప్పటి ఇథియోపియా వైపు మూలాలున్న మనిషి. దక్కను సుల్తానులు అరబ్బు వర్తకుల దగ్గర హబ్షీ పిల్లలను బానిసలుగా కొని, గుర్రపు స్వారీ, కత్తి, లెక్కలు నేర్పించి ఫౌజులో పెట్టేవారు. వాళ్లలో చాలామంది తమ సామర్థ్యంతోనే సర్దార్లయ్యారు, కిలేదార్లయ్యారు. అహ్మద్‌నగర్‌ను నిలబెట్టిన మాలిక్ అంబర్ అలా వచ్చినవాడే. ఆదోనిలో కూడా మసూద్ ఖాన్‌కు ముందు మాలిక్ రహ్మాన్ ఖాన్ అనే హబ్షీ చాలాకాలం హాకిముగా ఉన్నాడు. ఆయన మజారు తాలిబండ కొండ మీద ఉంది.

మసూద్ ఖాన్ పేరు చరిత్రలో మొదట గట్టిగా వినబడేది అల్లుడిగా. కర్నూలును ఏలుతున్న సిద్ది జౌహర్ ఆయనకు పిల్లనిచ్చిన మామ. మామా అల్లుళ్లిద్దరూ సిపాయిలే. 1660లో బీజాపూరు సుల్తాను రెండవ అలీ ఆదిల్ షా జౌహర్‌కు సలాబత్ ఖాన్ అనే బిరుదిచ్చి, పన్హాళా కోటలో ఉన్న శివాజీని పట్టుకురమ్మని పంపాడు. కర్నూలు నుంచి అంత దూరం వెళ్లిన ఆ ఫౌజులో అల్లుడూ ఉన్నాడు.

మార్చిలో మొదలైన ముట్టడి జూలై దాకా సాగింది. అక్కడి వానలు మన కర్నూలు వానల్లాంటివి కావు, రోజుల తరబడి కురుస్తాయి. అయినా జౌహర్ ముట్టడి ఎత్తలేదు. జూలై 12 రాత్రి శివాజీ కోటలోంచి తప్పించుకున్నాడు. గుర్రపు దళం తీసుకుని, బురదలో, చీకట్లో ఆయన వెంట పడింది మసూద్ ఖానే. మర్నాడు విశాల్‌గఢ్ దారిలో ఒక ఇరుకు కనుమ దగ్గర బాజీ ప్రభు దేశ్‌పాండే కొద్దిమందితో అడ్డం నిలబడి, ప్రాణాలిచ్చి, తన రాజు కోట చేరేదాకా దారి వదల్లేదు. మరాఠా కథల్లో ఆ కనుమ పావన్ ఖిండ్ అయింది. ఆ కథలు చెప్పేవాళ్లు అవతలి పక్షం గురించి పెద్దగా మాట్లాడరు. కానీ అవతల ఉన్నది పిరికివాళ్లయితే బాజీ ప్రభు త్యాగానికి అంత విలువ ఉండేది కాదు కదా.

దీనికి ఫలితం మామ అనుభవించాడు. శివాజీ తప్పించుకున్నాడంటే జౌహర్ లంచం తిన్నాడేమోనని సుల్తానుకు అనుమానం వచ్చింది. నెలల తరబడి వానలో నానిన పెద్దాయన మీద ద్రోహి ముద్ర పడింది. జౌహర్ కర్నూలుకు తిరిగొచ్చాక సుల్తాను ఆయన మీదికే బయల్దేరాడు. ఆ గొడవలోనే జౌహర్ పోయాడు. ఇంటి పెద్ద పోయాడు, పైగా రాజద్రోహం నింద. అలాంటి ఇంటిని నిలబెట్టాల్సిన బాధ్యత అల్లుడి మీద పడింది. మసూద్ ఖాన్ తిరగబడలేదు, పారిపోలేదు. సుల్తాను కోపం చల్లారేదాకా ఆగి, నెమ్మదిగా మళ్లీ నమ్మకం సంపాదించాడు. 1662 ప్రాంతం నుంచి ఆదోని ఆయన చేతిలో ఉంది. కర్నూలు సీమ మీదా ఆయన మాటే చెల్లింది.

ఇప్పుడు కర్నూలు నుంచి ఎమ్మిగనూరు మీదుగా ఆదోనికి బస్సులో పోతే నల్లరేగడి చేలు, మధ్యలో బండరాళ్ల గుట్టలు కనబడతాయి. ఆయన ఏలిన నేల ఇదే. అటు తుంగభద్ర, ఇటు ఆదోని కొండలు. ఆదోని కోట ఐదు కొండలను కలిపి కట్టింది. వాటిలో పెద్దవి బారాఖిల్లా, తాలిబండ, మైదానం నుంచి దాదాపు 800 అడుగుల ఎత్తు. విజయనగర రాజుల కాలంలోనే పేరుమోసిన కోట. తళ్లికోట యుద్ధం తర్వాత 1568లో బీజాపూరు చేతికొచ్చింది. అంత గట్టి కోట చేతికొస్తే చాలామంది ఇంకో బురుజు కట్టించేవారు. మసూద్ ఖాన్ మాత్రం కొండ కింద, జనం మధ్య, జామియా మసీదు కట్టించాడు. మంచి రాతి పని. మూడు వందల ఏళ్ల పైచిలుకు ఎండలకూ వానలకూ తట్టుకుని నిలబడిందంటే కట్టినవాళ్ల చేతివాటం తెలుస్తుంది. ఆయనకు పుస్తకాలన్నా, చిత్తరువులన్నా ఇష్టం. బీజాపూరు చిత్రకారుల పనితనం ఆదోనిలో ఆయన దగ్గర చేరింది.

మంచాల గ్రామం సంగతి ఈ కాలానిదే. తుంగభద్ర ఒడ్డున ఉన్న ఆ ఊరే ఇప్పటి మంత్రాలయం. మఠం వాళ్లు చెప్పే కథ ఈ సీమలో అందరికీ తెలుసు. నవాబు రాఘవేంద్ర స్వామిని పరీక్షించాలని పళ్లెంలో మాంసం పెట్టి గుడ్డ కప్పి పంపాడని, గుడ్డ తీస్తే పళ్లు పూలు ఉన్నాయని, నవాబు సిగ్గుపడి ఏ ఊరు కావాలో కోరుకోమన్నాడని, స్వామి మంచాల అడిగాడని చెబుతారు. దివాను వెంకన్న పంతులు మధ్యవర్తిగా వస్తాడు. ఈ కథను భక్తులు ఒకలా చెప్పుకుంటారు, మనం ఒకలా వింటాం. మహిమను పక్కనబెట్టినా మిగిలే విషయం చిన్నదేం కాదు. ఆదోనిలో జామియా మసీదు కట్టించిన చేయే, తన దివానుగా ఒక బ్రాహ్మణుణ్ణి పెట్టుకుని, ఒక మఠానికి ఊరు ఇచ్చింది. రాఘవేంద్ర స్వామి బృందావన ప్రవేశం 1671లో జరిగింది. ఈరోజుకీ అక్కడ ఆదోని నవాబు పేరు తలవకుండా ఆ ఊరి కథ పూర్తి కాదు.

1672లో అలీ ఆదిల్ షా పోయాడు. తఖ్తు మీద కూర్చోబెట్టిన సికందర్ ఇంకా పసివాడు. పిల్లాడి పేరు మీద పెత్తనం కోసం బీజాపూరులో సర్దార్లు కొట్టుకున్నారు. ముందు హబ్షీ పక్షం ఖవాస్ ఖాన్, ఆయన్ని చంపించి అఫ్ఘాన్ పక్షం బహ్లోల్ ఖాన్. 1677 డిసెంబరులో బహ్లోల్ కూడా పోయేసరికి ఖజానా ఖాళీ. జీతాలు రాని సిపాయిలు ఊరి మీద పడుతున్నారు. కోట, పిల్ల సుల్తాను జంషీద్ ఖాన్ అనే సర్దారు చేతిలో ఉన్నారు. ఆరు లక్షల హొన్నులకు రెంటినీ శివాజీకి అప్పగించడానికి ఆ జంషీద్ బేరం పెట్టాడు.

ఈ కబురు మసూద్ ఖాన్‌కు అందింది. ఆయన చేసిన పని అప్పట్లో రేవు పట్టణాల్లోని ఇంగ్లీషు వర్తకుల ఉత్తరాల దాకా పాకింది. ముందు జబ్బుపడ్డట్టు పుకారు పుట్టించాడు. తర్వాత చనిపోయాడని చాటించాడు. నాలుగు వేల మంది సిపాయిలను తోడిచ్చి ఒక ఉత్త జనాజాను ఆదోని దారి పట్టించాడు. మిగిలిన ఆరు వేల మంది జంషీద్ దగ్గరికి పోయి, మా యజమాని పోయాడు, మమ్మల్ని కొలువులో పెట్టుకోమని అడిగారు. జంషీద్ సంతోషంగా కోటలోకి రానిచ్చాడు. రెండు రోజుల్లో వాళ్లే అతన్ని పట్టుకుని తలుపులు తీశారు. చనిపోయిన మసూద్ ఖాన్ లోపలికి నడిచొచ్చాడు. 1678 ఫిబ్రవరి 21. బీజాపూరుకు కొత్త వజీరు దొరికాడు.

సిపాయిగా గెలిచినంత సులువుగా వజీరుగా గెలవలేకపోయాడు, ఇది ఒప్పుకోవాలి. బహ్లోల్ అఫ్ఘాన్లకు తీరుస్తానన్న జీతాల బాకీ పూర్తిగా తీర్చలేదు. వాళ్ల కుటుంబాలు బజార్లో అవమానాలు పడ్డాయి. ఆ కోపం మొగల్ సేనాని దిలేర్ ఖాన్‌కు ఉపయోగపడింది. దిలేర్ ఖాన్‌తో చేసుకున్న ఒప్పందంలో ఒక షరతు ఉంది. సికందర్ అక్క షహర్ బాను బేగంను, జనం ముద్దుగా పాదుషా బీబీ అని పిలుచుకునే ఆడపిల్లను, ఔరంగజేబు కొడుకు ఆజమ్‌కు ఇచ్చి నికా చేయాలి. మసూద్ ఖాన్ దాన్ని సాగదీశాడు. మొగల్ ఫౌజు దగ్గరికొచ్చేసరికి ఆ అమ్మాయే ఊరి కోసం బయల్దేరింది. 1679 జూలై 1న ఆమె పల్లకీ బీజాపూరు దాటుతుంటే జనం ఏడ్చారు. ఆమె వెళ్లినా దిలేర్ ఖాన్ ఆగలేదు. ఆరేళ్ల తర్వాత అదే ఊరిని ముట్టడించడానికి వచ్చిన ఫౌజుకు నాయకుడు ఆమె భర్తే. తన సంరక్షణలో ఉన్న ఇంటి ఆడపిల్లను అలా పంపాల్సి రావడం కంటే పెద్ద ఓటమి ఆ వజీరుకు ఏముంటుంది?

ఆ 1679లోనే దిలేర్ ఖాన్ బీజాపూరు మీదికొస్తే మసూద్ ఖాన్ సాయం కోసం కబురు పెట్టింది ఎవరికనుకున్నారు? శివాజీకి. పంతొమ్మిదేళ్ల కింద వానలో తరిమిన శివాజీకే. ఆయన కూడా పాత పగ చూడకుండా దళాలు పంపాడు, ధాన్యం పంపాడు. నవంబరులో దిలేర్ ఖాన్ ముట్టడి వదిలి వెనక్కి పోయాడు. దక్కను రాజకీయాన్ని ఇప్పటి కళ్లతో హిందూ ముస్లిం పోరుగా చదివేవాళ్లకు ఈ ఒక్క సంవత్సరం చాలు.

1683 నవంబరులో మసూద్ ఖాన్ వజీరీ వదిలేశాడు. దర్బారు కుట్రలతో విసిగిపోయాడు. సెలవు తీసుకుని ఆదోనికి వచ్చాడు, మళ్లీ బీజాపూరు గడప తొక్కలేదు. ఇల్లు, కొడుకులు, మసీదు, పుస్తకాలు. వయసు మీద పడ్డ సిపాయి కోరుకునేది అంతకంటే ఏముంటుంది. అయితే బీజాపూరు ఆఖరి ముట్టడిలో ఉన్నప్పుడు ఈయన ఆదోనిలో కూర్చున్నాడనే మాట కూడా ఉంది. అది తీసిపారేయదగ్గ మాట కాదు.

1686 సెప్టెంబరు 12న బీజాపూరు పడిపోయింది. పద్దెనిమిదేళ్ల సికందర్ ఖైదీ అయ్యాడు. మరుసటి ఏడు సెప్టెంబరులో గోల్కొండ పోయింది. అప్పటికి ఆదోని కోట ఎవరి పేరున నిలబడిందో చెప్పడం కష్టం. సుల్తాను లేడు, సల్తనత్ లేదు, ఒక ముసలి హబ్షీ సర్దారు మాత్రం కొండ మీద ఉన్నాడు. ఔరంగజేబు ఆయన మీదికి పంపింది గాజీయుద్దీన్ ఖాన్ ఫిరోజ్ జంగ్‌ను. తర్వాత హైదరాబాదును ఏలిన మొదటి ఆసఫ్ జా తండ్రి ఈయనే.

కోట గట్టిది, లోపల ధాన్యం ఉంది, మసూద్ ఖాన్ దగ్గర డబ్బూ ఉంది. ఫిరోజ్ జంగ్ చుట్టుపక్కల ఊళ్లు పాడుచేశాడు. అయినా కోట లొంగలేదు. ఆ తర్వాత జరిగినది ఆదోనిలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు, ఇంగ్లీషువాళ్లు జిల్లా గెజిటీరులో కూడా రాసుకున్నారు. మసూద్ ఖాన్‌కు ఆ మసీదంటే ప్రాణమని మొగల్ సేనానికి తెలిసింది. ఫిరంగుల మూతులు కోట మీంచి తిప్పి, కింద ఉన్న జామియా మసీదుకు ఎదురుగా పెట్టించాడు. పేల్చేదీ కలిమా చదివే చేతులే, పేలితే కూలేదీ అల్లాహ్ ఇల్లే. మసూద్ ఖాన్ కొండ మీంచి చూశాడు. కోట తలుపులు తీయించాడు.

అది 1688 ఆగస్టు 6. యుద్ధం తెలిసినవాళ్లు దీన్ని బలహీనత అనొచ్చు. గోడలు నిలిచి ఉండగా కోట ఇచ్చేసిన కిలేదారును ఏ ఫౌజూ మెచ్చుకోదు. కానీ ఆరోజు ఆయన ముందు ఉన్న లెక్క వేరు. పైన కోటలో తనతో ఉన్న కుటుంబాలు, కింద ఊళ్లో జనం, వాళ్ల మధ్య మసీదు. అవతల కాపాడటానికి సుల్తానే లేడు. ఇరవై ఎనిమిదేళ్ల కింద మామ జౌహర్ చివరిదాకా పోరాడి ఇల్లు ఏమైందో ఆయన కళ్లారా చూశాడు.

షరతుల ప్రకారం ప్రాణాలకు, మానానికి భంగం రాలేదు. కొడుకులకు మొగల్ కొలువులో మన్సబులు దక్కాయి. ఆదోనికి ఇంతియాజ్‌గఢ్ అని కొత్త పేరు పెట్టారు. దఫ్తర్లలో ఉందేమో గానీ జనం నోట నిలవలేదు. ఆ ఏడాది చివర్లో దక్కనులో తాఊన్ వ్యాపించింది. దాని బారిన పడి ఫిరోజ్ జంగ్ కళ్లు పోయాయి. తర్వాతి కాలంలో ఆయన మనవడు బసాలత్ జంగ్ ఇదే ఆదోనిని ఏలి, 1782లో ఇక్కడే కన్నుమూశాడు. ఆయన మజారు ఊళ్లోనే ఉంది.

మసూద్ ఖాన్ చిత్తరువులు మాత్రం ఊళ్లో మిగల్లేదు. మొగల్ ఫౌజులో ఉన్న బికనేర్ రాజు అనూప్ సింగ్ తర్వాత ఆదోనిలో అధికారిగా ఉండి, 1698లో ఇక్కడే పోయాడు. ఆదోని చిత్రాలు ఎన్నో ఆయన ద్వారా రాజస్థాన్ చేరాయి. బికనేర్ కోటలో భద్రపడిన ఆ దక్కనీ చిత్రాల్లో కొన్నిటిని తిప్పి చూస్తే, వెనక ఆదోని పేరు రాసి ఉంటుంది.